బ్రేకు పైపులూ, సరిపెట్టుకోవడాలూ

సంక్రాంతికి ఊరెళ్ళినవాడు ఏం చేస్తాడు? అరిసెలు తింటాడు, మధ్యాహ్నం ఓ కునుకు తీస్తాడు, సాయంత్రం పాత స్నేహితులతో కపిలతీర్థం వైపు నడుస్తాడు. నేను మాత్రం ఈసారి తిరుపతిలో దొరికిన నాలుగు రోజుల్లో రెండున్నర రోజులు కారు కింద వెల్లకిలా పడుకుని గడిపాను. మా ఆవిడ ఫోటో తీసి బంధువులందరికీ పంపింది కూడా. "అల్లుడుగారు బెంగుళూరులో ఉద్యోగం మానేశారా?" అని ఒక పెద్దాయన నిజంగానే అడిగారట.

ఆ కారు మా నాన్న కాంటెస్సా. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు గానీ, నా ఈడు వాళ్ళకి ఆ పేరు చెబితే చాలు, కళ్ళు మెరుస్తాయి. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1984లో మొదలుపెట్టి 2002 దాకా చేశారు. పైరూపం ఇంగ్లండువాళ్ళ పాత వాక్స్‌హాల్ ది. మా బండిలోని 1817 సీసీ పెట్రోలు ఇంజను డిజైను జపాన్ ఇసుజుది. పొడుగాటి ముక్కు, వెనక చక్రాలకి పవరు, ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు. అసలైన స్పోర్ట్స్ కారు కాదు, ఒప్పుకుంటా. కానీ పద్మినీలూ అంబాసిడర్లూ తిరిగే చిత్తూరు రోడ్ల మీద మాకు అదే స్పోర్ట్స్ కారు. తమాషా ఏంటంటే, అదే ఇసుజు కంపెనీ 2016 నుంచి మన శ్రీసిటీలోనే బళ్ళు తయారు చేస్తోంది. మా నాన్నకి ఇది ఎంత గర్వమో చెప్పలేను. "చూసినావా, మన ఇంజను పుట్టింటోళ్ళు మన జిల్లాకే వచ్చినారు" అంటాడు.

మా నాన్న జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. ఈ బండి 2001లో చిత్తూరులో ఒక గ్రానైటు వ్యాపారి దగ్గర సెకండ్ హాండ్‌లో కొన్నాడు. 1993 మోడలు, ఏపీ 03 నంబరు. ఇప్పుడాయనకి 72. బండికీ వయసు మీద పడింది. అమ్మేయమని నేను పదేళ్ళుగా పోరుతున్నాను. ఆయన పదేళ్ళుగా వినబడనట్టు నటిస్తున్నాడు.

సరే, విషయానికొస్తా.

పోయిన కార్తీకమాసంలో పలమనేరులో ఒక పెళ్ళికి అమ్మా నాన్నా ఈ బండిలోనే వెళ్ళారు. తిరిగొస్తూ మొగిలి ఘాట్ దిగుతున్నారు. బెంగుళూరు-చిత్తూరు రోడ్డులో తిరిగేవాళ్ళకి ఆ ఘాట్ గురించి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబర్‌లో అక్కడే బస్సూ లారీ గుద్దుకుని జనం ప్రాణాలు పోయాయి. దాదాపు ఘాట్ కిందికి వచ్చేశాక, ముందు ఒక ట్రాక్టరు అడ్డమొస్తే నాన్న బ్రేకు తొక్కాడు. పెడల్ మామూలుగా ఆగేచోట ఆగలేదు. ఇంకా కిందికి, చాలా కిందికి వెళ్ళిపోయింది.

అదృష్టం ఏంటంటే ఆ బండిలో మాస్టర్ సిలిండర్ జోడు రకం. ముందు చక్రాలకి ఒక దారి, వెనక చక్రాలకి ఒక దారి. ఒకటి పోతే రెండోది మిగులుతుంది. నాన్న గబగబా పంపు కొట్టి, రెండో గేరులోకి లాగి, హాండ్ బ్రేకు పట్టి, ఒక చింతచెట్టు పక్కన మట్టిలోకి దించి ఆపాడు. అమ్మకి ఏమైందో కూడా అర్థం కాలేదు. "ఏంది, ఇక్కడ ఆపినారు?" అని అడిగిందట. "నీళ్ళు తాగుదామని" అన్నాడట ఆయన. తర్వాత దిగి చూస్తే వెనక చక్రం లోపలి వైపు నుంచి ఆయిలు కారుతోంది.

ఇదంతా నాకు చెప్పింది ఆయన కాదు. వారం తర్వాత అమ్మ మాటల్లో "ఆ పొద్దు చెట్టు కింద అరపూట కూచున్నాం" అని నోరు జారితే కూపీ లాగాను.

అందుకే సంక్రాంతికి వచ్చేటప్పుడు బెంగుళూరు జేసీ రోడ్డులో పైపుల చుట్టా, నట్లూ, హోసులూ, నాలుగు బాటిళ్ళ బ్రేకాయిలూ కొనుక్కుని మరీ వచ్చాను. ఒక్కడివల్ల అయ్యే పని కాదని నాన్న పాత మెకానిక్ భాయ్‌ని పిలిపించాడు. అరవై దాటిన మనిషి. పండగ రోజుల్లో ఇబ్బంది పెడుతున్నామేమో అంటే, "పండగ మీకు సామీ, నాకు సెలవు. ఇంట్లో ఉంటే మనవళ్ళు పీక్కు తింటారు" అన్నాడు.

బండి లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి, భాయ్ టార్చి వేసి కిందికి దూరాడు. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "ఈ రాగి పైపు ఎవురు ఏసింది?"

వెనక చక్రానికి వెళ్ళే ఉక్కు పైపు మధ్యలో ఒక జానెడు ముక్క కోసేసి, దాని బదులు ఫ్రిజ్‌కి వాడే రాగి గొట్టం పెట్టి, రెండు వైపులా ఇత్తడి జాయింట్లు బిగించి ఉన్నాయి. నీళ్ళ పైపులకీ గ్యాసు పైపులకీ వాడే రకం, లోపల రింగు వేసి నట్టుతో నొక్కేవి. ఆ రింగు అంచు దగ్గర రాగి గొట్టం వెంట్రుకంత చీలింది.

ఇక్కడ కాస్త ఫిజిక్సు చెప్పాలి, లేకపోతే మా నాన్న ఒప్పుకోడు. మీ టైర్లో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు. ఫ్రిజ్ గొట్టంలో 10, 15 బార్లు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఆ పెన్సిలుకన్నా సన్నటి పైపులో 70 నుంచి 100 బార్ల దాకా లేస్తుంది. అంటే టైరుకి యాభై రెట్లు. పైగా రాగికి ఒక గుణం ఉంది. తీగని అటూ ఇటూ వంచుతూ ఉండండి, మొదట మెత్తగా వంగుతుంది, తర్వాత బిరుసెక్కుతుంది, తర్వాత పుటుక్కున విరుగుతుంది. కారు కింద రోజంతా జరిగేది ఆ వణుకుడే. ఫ్రిజ్ ఇంట్లో కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి దానికి సరిపోయింది. కారుకి సరిపోదు.

ఇక ఘాట్ సంగతి. పలమనేరు నుంచి చిత్తూరుకి సుమారు 350 మీటర్ల ఎత్తు దిగుతాం. ఐదుగురు ఎక్కిన కారు, సామానుతో కలిపి 1500 కేజీలు అనుకుంటే, ఆ ఎత్తులో దాక్కున్న శక్తితో ఒక పెద్ద బిందెడు చన్నీళ్ళని మరిగించొచ్చు (లెక్క వేసుకోండి, 17 లీటర్ల దాకా వస్తుంది). అందులో కొంత గాలి తీసుకుంటుంది, కొంత ఇంజను తీసుకుంటుంది. మిగిలిందంతా బ్రేకుల మీద పడుతుంది. "ఎక్కిన గేరులోనే దిగు" అని పాత డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు. బ్రేకాయిల్ గాలిలోంచి తేమ లాక్కుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీళ్ళు పట్టాక అది 140కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడల్ కింద మెత్తటి దిండు. మేము తీసిన ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది.

"ఎవురు ఏసింది?" అని భాయ్ రెండోసారి అడిగాడు. నాన్న గోడ వైపు చూస్తున్నాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట నాన్న ఫోన్ చేశాడు. వెనక పైపు తుప్పు పట్టి చెమర్చుతోందనీ, పూర్తి పైపు తెప్పించాలంటే మద్రాసు పుదుపేటలో వెతకాలి, వారం పడుతుందనీ ఒక షాపు వాడు అంటున్నాడనీ. నేను అప్పుడు ఆఫీసు మీటింగులో ఉన్నాను. మైకు మ్యూట్ చేసి, "ఏదో ఒకటి సరిపెట్టేయమను నాన్నా, సంక్రాంతికి వచ్చి నేను చూస్తా" అన్నాను. షాపు వాడు సరిపెట్టాడు. 350 రూపాయలు తీసుకున్నాడు. సంక్రాంతి వచ్చింది. నేనూ వచ్చాను. కనుమ రోజు నాటుకోడీ సంగటీ తిని, బండి కడిగి, దానిలోనే కాణిపాకం కూడా వెళ్ళొచ్చాను. కిందికి వంగి చూడలేదు. అది అయ్యాక ఇంకో సంక్రాంతి కూడా అయిపోయింది.

ఆ షాపు వాడిని తిట్టడం సులువు. మొదటి అరగంట తిట్టాను కూడా. కానీ వాడు అడిగింది వారం టైము. ఇవ్వొద్దన్నది నేను.

పనిలోకొస్తే.. ఒక్క ముక్క మార్చి ఊరుకోవడం కాదు, ఉన్న పైపులన్నీ మార్చేద్దాం అన్నాడు భాయ్. "ఒకటి తుప్పు పట్టిందంటే మిగతావి దాని తమ్ముళ్ళే." ఫ్యాక్టరీ పైపులు రెండు పొరలుగా చుట్టి అతికిన ఉక్కువి. అమెరికాలో బండీ అనే కంపెనీ పేరు మీద వాటికి బండీ ట్యూబు అని పేరు. మన మెకానిక్కులు బండికి వేసేది కాబట్టి బండి ట్యూబు అనుకుంటారు. నేనూ మొన్నటిదాకా అంతే :) నేను తెచ్చింది రాగిలో పదోవంతు నికెలు కలిపిన రకం. ఓడల్లో ఉప్పునీటి పైపులకి వాడతారు. వోల్వో వాళ్ళు 1970ల నుంచే కార్లలో వేస్తున్నారు. తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, మామూలు రాగిలా త్వరగా అలిసిపోదు.

పాత పైపుని జాగ్రత్తగా ఊడదీసి నేల మీద పరిచి, దాని పక్కనే కొత్తది వంచుకుంటూ పోవాలి. కష్టమంతా చివర్లలోనే ఉంది. గొట్టం అంచుని గరాటాలా విప్పి, మళ్ళీ లోపలికి మడవాలి. పంచె అంచు రెండు మడతలేసి కుట్టినట్టు. ఒక్క మడతైతే అంచు చీలుతుంది. ఇంకో రకం ఉంది, పుట్టగొడుగు తలలా ఉబ్బెత్తుగా చేసేది. దాని సీటు వేరు, దీని సీటు వేరు. ఒకదాన్ని ఇంకోదాంట్లో బిగిస్తే ఆ రోజుకి కారదు. తర్వాత ఎప్పుడో కారుతుంది.

మొదటి పైపు చాలా అందంగా చేశాను. రెండు చివర్లా మడత పెట్టి, అద్దంలా మెరిసేలా తుడిచి, భాయ్‌కి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది సామీ. నట్టు యాడ?" అన్నాడు. మడత పెట్టకముందే నట్టు ఎక్కించాలి. మడిచాక ఎక్కదు. కోసి మళ్ళీ చెయ్యడమే. ఈ తప్పు మూడుసార్లు చేశాను. మూడోసారికి అమ్మ వంటింట్లోంచి "నట్టు ఏసినావా నాయనా?" అని అరవడం మొదలుపెట్టింది.

అసలు భయం రెండో రోజు పొద్దున దొరికింది. ఎడమ వెనక చక్రం సిలిండర్ ఎప్పుడో మార్చినట్టున్నారు. దాంట్లో ఉన్న నట్టు చేత్తోనే ఊగుతోంది. భాయ్ పానా వేసి పావు చుట్టు బిగించేసరికి మర ఊడి చేతికొచ్చేసింది. కొలిచి చూస్తే సంగతి తెలిసింది. మా బండి పాత నట్లు అంగుళాల లెక్కవి, అడ్డంగా 9.5 మిల్లీమీటర్ల చిల్లర. కొత్త సిలిండర్ మిల్లీమీటర్ల లెక్కది, సరిగ్గా 10. మర సందులు కూడా దాదాపు ఒకటే. ఇది అందులోకి దూరుతుంది. తిరుగుతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ మరల కొసలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. అంటే ఘాట్‌లో చీలిన రాగి పైపు కాదు అసలు ప్రమాదం. అది చెమర్చి, కారి, ఒక రకంగా మమ్మల్ని హెచ్చరించింది. ఈ నట్టు మాత్రం ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారే ఊడేది.

అస్సలు పట్టని నట్టుతో గొడవ లేదు, పక్కన పారేస్తాం. దాదాపుగా పట్టేదే చంపుతుంది.

మా వృత్తిలో దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1999లో నాసావాళ్ళు అంగారకుడి చుట్టూ తిప్పుదామని పంపిన నౌక పోయింది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేరు పౌండ్ల లెక్కలో అంకెలిస్తే, ఇంకోటి వాటిని న్యూటన్ల లెక్క అనుకుని చదువుకుంది. అంకె అంకెలాగే ఉంది, ఫైలు ఫైలులాగే ఉంది, ఏ ప్రోగ్రామూ అరవలేదు. నెలల తరబడి బాగానే ఉన్నట్టుంది. మొగిలి ఘాట్‌కీ అంగారకుడికీ దూరం ఎక్కువేమో గానీ నట్టు ఒకటే.

ఇంకో మాట. మా ఆఫీసుల్లో ఇలా సరిపెట్టి ముందుకెళ్ళడాన్ని అప్పు అంటాం. వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ 1992లో వాడిన పోలిక. ఇప్పుడు తొందరగా చేసెయ్, తర్వాత వడ్డీతో తీర్చుకో. మంచి పోలికే, రోజుకి నాలుగుసార్లు నేనూ వాడతాను. కానీ అప్పు అన్నప్పుడు తీసుకున్నవాడికైనా గుర్తుంటుంది కదా. నేను ఫోను పెట్టేసిన నిమిషానికే మర్చిపోయాను. ఆ అప్పుకి హామీగా రెండేళ్ళపాటు అమ్మా నాన్నా ఆ సీట్లలో కూర్చుని తిరిగారు, వాళ్ళకి తెలియకుండానే.

సరిపెట్టడం అనే విద్యకి నేను వ్యతిరేకిని కాదు. మన దేశం నడిచేదే దాని మీద. తెగిన ఫ్యాను బెల్టు బదులు ఇంకేదో కట్టి ఊరు చేరినవాళ్ళ కథలు మనందరి దగ్గరా ఉన్నాయి. కానీ ఫ్యాను బెల్టు తెగితే బండి ఆగిపోతుంది. బ్రేకు పైపు తెగితే బండి ఆగదు. నా మటుకు నేను ఇప్పుడు గీసుకున్న గీత అదే. పోతే ఆగిపోయేవాటి దగ్గర ఎంతైనా సరిపెట్టుకోవచ్చు. పోతే ఆగనివాటి దగ్గర వద్దు. కోడు రాసేటప్పుడు కూడా ఈ గీత పనికొస్తుందని అనుకుంటున్నా.

సరైన నట్టు కోసం తిరుపతిలో మూడు షాపులు తిరిగాం, పండగ కదా, సగం మూసున్నాయి. చివరికి భాయ్ తన పాత డబ్బాలోంచి సరైన సైజు సిలిండరే తీశాడు. పాతదే గానీ లోపల నున్నగా ఉంది, రబ్బర్లు మార్చాం. రబ్బరు హోసులు కూడా కొత్తవి వేశాం. పైకి నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వకుండా పట్టేసుకుంటాయట, ఒక చక్రం మాత్రం వేడెక్కుతుంటే దాన్నే అనుమానించమన్నాడు భాయ్.

చివరగా గాలి తియ్యడం. నాన్న సీట్లో కూర్చున్నాడు. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టాం. "తొక్కు సార్.. పట్టుకో.. ఆ, ఇంగ వదులు." నిపిల్‌కి తగిలించిన గొట్టంలో బుడగలు వస్తున్నాయి, వస్తున్నాయి, తగ్గుతున్నాయి. పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండటం నా పని. ఒకసారి చెయ్యి ఒలికి మడ్‌గార్డు మీద పడ్డ చుక్క అరగంటలో పెయింటు లేపేసింది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

నాలుగు చక్రాలూ అయ్యాక నాన్న మళ్ళీ తొక్కాడు. పెడల్ పైనే, రాయిలా ఆగింది. ఆయన కాసేపు కాలు అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. "ముప్పై ఏండ్లు పాస్కల్ నియమం చెప్పినా రా పిల్లోళ్ళకి. ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పోతుందని. గొట్టం బాగుంటేనే అని ఒక్క రోజు కూడా చెప్పలా" అన్నాడు.

ఆ రాత్రి అడిగాను, ఘాట్ సంగతి నాకెందుకు చెప్పలేదని. కాసేపు ఊరుకుని అన్నాడు. "చెప్తే బండి అమ్మేయమంటావు. లేదంటే, నువ్వే కదా సరిపెట్టమన్నావని నేను అనాల్సొస్తుంది. రెండూ ఎందుకులే అని."

నాకు దీనికి జవాబు లేదు.

బెంగుళూరు తిరుగు ప్రయాణం మా కారులో కాకుండా, పలమనేరు దాకా కాంటెస్సాలోనే వెళ్దామన్నాడు నాన్న. మా ఆవిడా పిల్లలూ మా కారులో వెనకాల. ముందు ఊరవతల ఖాళీ రోడ్డులో పదిసార్లు ఆపి చూసి, పైపులన్నీ చేత్తో తడిమి, పొడి గుడ్డతో తుడిచి, చెమ్మ లేదని తేల్చుకున్నాకే బయల్దేరాం. పూతలపట్టు, చిత్తూరు, బంగారుపాళ్యం. ఆ చింతచెట్టు దగ్గర ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. పైకి ఎక్కి, పలమనేరులో టీ తాగి, ఆయన్ని ఒక్కణ్ణే పంపడానికి మనసొప్పక నేను మళ్ళీ పక్కన కూర్చుని కింద దాకా దిగాను. రెండో గేరులో, నెమ్మదిగా. మలుపు మలుపుకీ నా కుడికాలు దానంతటదే నేలని నొక్కుతోంది.

"ఆ పక్క బ్రేకు లేదు రా. కాలు తియ్" అన్నాడు నాన్న.

తా.క.: మీ బండి బ్రేకాయిల్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే, మార్చాల్సిన టైము దాటిందనే లెక్క. రెండేళ్ళకోసారి అన్నది పెద్ద ఖర్చేం కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు నడిపే బండైతే ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక్కసారి కిందికి వంగి చూడండి. ఫోనులో అడగొద్దు. "బాగానే ఉంది" అంటారు.